కర్రముక్క

"ఆ కమాండ్ మీరు కొట్టేలోపు మాకు తెల్లారిపోతుంది సార్," అన్నాడు టీమ్ లీడర్.

మూలసీటాయన ఎడమచేత్తో ఒక్కో అక్షరమే కొడుతున్నాడు. కుడిచెయ్యి మణికట్టు దాకానే ఉంది.

ఆయన కొత్తగా చేరాడు. తాత్కాలిక ఉద్యోగం. ఎవరు, ఎక్కణ్ణుంచి వచ్చారు అని అడిగే తీరిక లీడర్‌కి లేదు. వెక్కిరించే తీరిక మాత్రం రోజూ దొరికేది.

ఆ ఆఫీసులో రేకులు నొక్కే ప్రెస్ మెషీన్లకు సాఫ్ట్‌వేర్ తయారుచేస్తారు. ఒకే సాఫ్ట్‌వేర్, రెండు రకాలు. ఫ్యాక్టరీ రకమైతే ప్రెస్ కింద చెయ్యి కనబడగానే ఆగిపోతుంది. బల్ల మీద పరీక్షించే రకానికి ఆ చూపు ఉండదు. బల్ల మీద ఎవరి చేతులూ నలగవు కదా. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారాలంటే, ఏ రకం కావాలో పూర్తిపేరుతో పొడుగాటి కమాండ్ కొట్టాలి.

మానవజాతి వెనకబడిపోవడానికి అదే కారణమని లీడర్‌గారి నమ్మకం.

పాత సర్వర్ తవ్వి ఒక ఫైలు పట్టుకొచ్చాడు.

"షార్ట్‌కట్ అంటే ఇదీ. ఒక అక్షరం కొడితే ఫ్యాక్టరీ రకం, పక్కది కొడితే బల్ల రకం. ఎవరు రాశారో గానీ, ఆ చేతులకు దణ్ణం పెట్టాలి."

ఊరుకోకుండా దాన్ని మెరుగుపరిచాడు కూడా. ఏ రకానికి మారామో తెరమీద చూపే వరుస తీసేశాడు. అది చదివే ఓపిక ఆయనకెక్కడిది?

మూలసీటాయన మొదటిసారి కుర్చీ తిప్పాడు.

"అది వద్దు బాబూ. పక్కపక్క మీటలు. వేలు జారుతుంది."

"మీకు జారుతుందేమో. మాకు పదివేళ్ళున్నాయి."

గదిలో అందరూ నవ్వారు. నవ్వనివాళ్ళను లీడర్ గుర్తుపెట్టుకుంటాడు.

"పూర్తిగా రాస్తేనే, ఏం రాస్తున్నామో మనసుకు తెలుస్తుంది," అన్నాడాయన.

"ఆడలేక మద్దెల ఓడన్నాడట. రేపట్నుంచి రానక్కర్లేదు సార్. ఇంట్లో కూర్చుని ఎంత పొడుగైనా రాసుకోండి."

ఆయన తన టీకప్పు కడిగి బోర్లించాడు.

"ఫ్యాక్టరీకి పంపేముందు ఒక్కసారి చూసుకో నాయనా," అని వెళ్ళిపోయాడు.

లీడర్ చూసుకోలేదు. అక్షరం కొట్టాడు, పంపాడు, ఆవులించాడు.

మర్నాడు పొద్దున్నే ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు.

"మీరు పంపినదానికి మెషీన్ ఆగలేదు సార్. నుజ్జునుజ్జు చేసేసింది."

లీడర్ కుర్చీలోంచి లేచిపోయాడు. "ఎవరి చెయ్యి?"

"చెయ్యి కాదు సార్, కర్రముక్క. కొత్త సాఫ్ట్‌వేర్ వస్తే ముందు కర్రముక్క పెట్టి చూడందే మనిషిని దగ్గరికి రానివ్వం."

"మంచి పద్ధతి," అన్నాడు లీడర్. ఫోను భుజానికి నొక్కిపెట్టి, తన పదివేళ్ళూ చూసుకున్నాడు.

"మాది కాదు సార్, మీ పెద్దాయన పెట్టిన పద్ధతే. మళ్ళీ మీ దగ్గర చేరారటగా, ఒకసారి ఫోనివ్వండి. దణ్ణం పెట్టుకుంటాను."

లీడర్ మూలసీటు వైపు చూశాడు. కప్పు బోర్లించే ఉంది.

"ఏ పెద్దాయన?" అన్నాడు, తెలియనట్టు.

"వెనకటికి ఒక్క అక్షరంతో మారిపోయే షార్ట్‌కట్ ఏదో రాశారట సార్. దాంతో పంపినప్పుడు, మెషీన్ ఆగుతుందని మాకు చూపించడానికి, అప్పటికి కర్రముక్క పద్ధతి లేక, తన చెయ్యే పెట్టారు."