గది చూడటానికి వచ్చిన మనిషి

"మీ ఇంట్లో గదులెన్నమ్మా? కిటికీలెన్ని?"

గడప ముందు నిలబడ్డ కొత్త మనిషి అడిగిన మొదటి మాటకే రాజ్యం గుండె గుభేలుమంది.

కోటా దాటి పండిన పొగాకు నాలుగు బేళ్లు ఇంట్లో ఉన్నాయి. పొగాకు బోర్డు వాళ్ల కంట పడితే పండించే లైసెన్సు పోతుంది. ఆ పొగాకు మీదే ఇల్లు గడుస్తోంది.

ఎవరో తమ ఇంటి గురించి వాకబు చేస్తున్నారని తెలిసి, కొడుకు వీరబాబు ఇప్పుడే ఆ బేళ్లను తండ్రి గదిలోకి దొర్లించాడు. కిటికీ మూసి, తలుపు బిగించాడు.

లోపల మంచం మీద యలమందయ్య ఉన్నాడు. నలభై ఏళ్లు చుట్టలు కాల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. మొన్న ఆసుపత్రి నుంచి వచ్చాక కూడా మంచం మీదే కాలుస్తున్నాడు.

"మీరెవరయ్యా?"

"నా పేరు ఇమ్మానియేలమ్మా. ఒంగోలు ఆసుపత్రి నుంచి వచ్చా. మీ ఆయన పడుకునే గదికి గాలి వస్తుందో లేదో చూసిపోదామని."

రాజ్యం నమ్మలేదు. మనం ఆసుపత్రికి పోవాలి గానీ, ఆసుపత్రి మన గడపకి రావడం ఎక్కడన్నా ఉందా? పోయినేడు పక్క ఊళ్లో ఎరువులు అమ్మేవాడిలా వచ్చినవాడే బోర్డుకి పొగాకు పట్టించాడు.

"ఆయన లేడు. పొన్నూరు పోయాడు, కూతురింటికి."

మూసిన గదిలోంచి దగ్గు వినిపించింది.

"లోపలెవరమ్మా?"

"కోడలు. పచ్చి బాలింత. మగాళ్లు చూడకూడదు."

దగ్గు ఎక్కువైంది. వెనకాలే పిల్లికూతలు. ఈ మనిషి కదిలితే తలుపు తీయొచ్చు. కదలడే.

"అది చుట్ట దగ్గమ్మా. తలుపు తీయండి."

"తీసేది లేదు, పో," వీరబాబు అడ్డం నిలబడ్డాడు.

లోపల దగ్గు ఆగిపోయింది.

రాజ్యానికి పై ప్రాణాలు పైనే పోయాయి. లైసెన్సా, మొగుడా? సిగ్గుచేటే గానీ, ఆ క్షణాన ఆమె ఆలోచించింది.

ఇమ్మానియేలు ఆలోచించలేదు. వీరబాబుని నెట్టి, గడియ లాగి లోపలికి దూరాడు. గదినిండా పొగ, పొగాకు దుమ్ము. యలమందయ్యని చంకల కింద పట్టి వాకిట్లోకి ఈడ్చుకొచ్చాడు.

"ఆటో... పిలవండి. ఆ గదిలో... పొగాకు పెట్టొద్దు. చుట్ట... ముట్టించనీయొద్దు."

అంటూనే ఇమ్మానియేలు గోడకి చేరగిలబడిపోయాడు.

వీరబాబు అతని చొక్కా పట్టుకుని లేపాడు. "బేళ్లు చూశావుగా. పోయి రాసుకో." వీధిలోకి నెట్టాడు.

యలమందయ్యని ఎక్కించిన ఆటోలో ఇంకొకరికి చోటుంది. ఎక్కమని ఎవరూ అనలేదు.

నాలుగో రోజుకి ఒంగోలు ఆసుపత్రిలో యలమందయ్య కళ్లు తెరిచి కాఫీ అడిగాడు. బోర్డు నుంచి ఎవరూ రాలేదు. రాజ్యానికి అప్పుడు అర్థమైంది, ఆ మనిషి నిజమే చెప్పాడని. ఆ వార్డు చూసే నర్సు ఫెబా దగ్గరికి వెళ్లింది.

"అమ్మా, ఇమ్మానియేలు గారని మీ ఉద్యోగస్తుడు. ఒక్కసారి కలవాలి. తప్పు చేశాం."

ఫెబా చేతిలోని చీటీ పక్కన పెట్టింది.

"నిన్న పోయారమ్మా. పక్క వార్డులోనే."

"అయ్యో! ఉద్యోగం చేసుకునే మనిషికి ఏమైంది?"

"ఆయనకి ఇక్కడ ఉద్యోగం ఎక్కడిదమ్మా? ఇంటికి పోయిన పేషెంట్ల గదులు చూసొస్తానని తనంతట తనే తిరిగేవారు. ఆయనకీ మీ ఆయన జబ్బే, ఇంకా ముదిరింది. పొగాకు దుమ్ములోకి అడుగు పెడితే బతకవని డాక్టరుగారు ఆయనకి ఎప్పుడో చెప్పేశారు."