గడప బయట లచ్చవ్వ

ఊళ్లో అరవై దాటినవాళ్లందరికీ ఆరు నెలలకోసారి ఎముకలు గట్టిపడే బొక్కల సూది వేస్తారు. అందుకే ఎనభై ఏళ్ల లచ్చవ్వ ఇప్పటికీ నేలమీద కూర్చుని, చాపిన కాళ్లమీద పసిపిల్లలను పడుకోబెట్టుకుని నీళ్లు పోస్తుంది. ఎముకలు విరగవు గానీ, ఏళ్ల తరబడి ఆ సూదే రోగనిరోధక శక్తిని తగ్గిస్తూ వచ్చింది. పక్కింటి ముసలాయన మొన్న జలుబుతోనే పోయాడు.

స్నానాలగది గడప దగ్గర, దగ్గర్లో ఎవరికైనా జలుబుంటే పసిగట్టే లచ్చవ్వ చేతిపట్టీ ఎర్రగా వెలిగింది.

"బాబుకు సర్దయినట్టుంది అవ్వా, లోపటికి రాకు," అంది బాలింత సువర్ణ.

"అయితె నువ్వే నీళ్లు పొయ్యి బిడ్డా. నేను సూపిస్త."

లచ్చవ్వ బయటే కూర్చుని, ఖాళీ కాళ్లమీద చేతులు ఆడిస్తూ చూపింది. సువర్ణ చూసి చేసింది. బాబు ఏడుపు ఆగింది.

బాబుకు పోసిన నీళ్లు గడప పొర్లి లచ్చవ్వ మడమలను తడిపాయి. చేతిపట్టీ ఈసారి మోగింది. ఆమె కాళ్లు ముడుచుకోలేదు.