కిటికీ పక్క టేబుల్

"అది నేను బుక్ చేసుకున్న టేబుల్. వాళ్లని లేపండి," అన్నాడు ద్వారకానాథ్.

మనవాళ్లు ఎక్కువగా ఉండే హారిస్ పార్క్ పేటలోని ఆ ఇండియన్ హోటల్లో, వీధివైపు కిటికీ పక్కన ఒక తెల్ల జంట కూర్చుని ఫోర్కుతో దోసె కోసుకుని నిమ్మళంగా తింటోంది. ఓనరు శివప్రసాద్ చేతులు నలుపుకున్నాడు.

"లోపల పెద్ద టేబుల్ ఇస్తానంకుల్. ఏసీ కిందే. ఆ ఒక్కటీ మాత్రం అడక్కండి."

ద్వారకానాథ్‌కి ఒళ్లు మండింది. మండదూ మరి? పక్కనే యోగానంద్ నిలబడి ఉన్నాడు. తన కూతురు శ్రీదివ్యని ద్వారకానాథ్ కొడుక్కి ఇవ్వాలా వద్దా తేల్చుకుందామని రాజమండ్రి నుంచి దిగిన మనిషి. ఇవాళ్టి భోజనం దగ్గరే మాట చెప్తానన్నాడు.

"ఇక్కడ మనవాళ్ల గౌరవం ఇంతేనాండీ?" అని మెల్లిగా అడిగాడాయన. "పిల్లని ఇంత దూరం పంపేముందు అదొక్కటే చూసుకుందామనుకున్నాను."

ద్వారకానాథ్ ఆఫీసులో ఏనాడూ నోరు విప్పి ఎరగడు. మేనేజరు తన పేరుని సగానికి కత్తిరించి 'డ్వార్క్' అంటే థాంక్యూ చెప్పిన మనిషి. ఇక్కడ మాత్రం హోటలంతా వినబడేలా అందుకున్నాడు.

"దిస్ ఈజ్ ప్యూర్ రేసిజం. హోటల్ మనది, దోసె మనది, చట్నీ మనది. కిటికీ మాత్రం తెల్లోళ్లదా? ఎందుకయ్యా నీకీ బానిస బుద్ధి? ఇరవై రెండేళ్లుగా ఇక్కడ టాక్స్ కడుతున్నా. ఇప్పుడు లేపుతావా, లేకపోతే గూగుల్లో వన్ స్టార్ కొట్టి తెలుగు అసోసియేషన్ గ్రూప్‌లో పెట్టమంటావా?"

పక్క టేబుల్లో బిర్యానీ తింటున్నవాళ్లు కూడా అవునవునని తలలూపారు. శివప్రసాద్ నిట్టూర్చి, వెళ్లి ఆ ఇద్దరితో ఏదో గుసగుసలాడాడు. వాళ్లు 'నో వర్రీస్' అని నవ్వి, లేచి లోపలికి వెళ్లిపోయారు.

ద్వారకానాథ్ కిటికీ పక్కన కూర్చుని కాలర్ సర్దుకున్నాడు. యోగానంద్ ముఖం విప్పారింది.

"గట్టివారే బావగారూ," అన్నాడు.

బావగారూ అన్నాడంటే ఇంకేం కావాలి, సంబంధం కుదిరినట్టే. ద్వారకానాథ్ మనసులో అప్పుడే పెళ్లిమండపం కూడా బుక్ చేసేశాడు.

మెనూ తిరగేస్తూ యోగానంద్ చుట్టూ చూశాడు. మళ్లీ ఒకసారి చూశాడు. ముఖం చిన్నబోయింది.

"ఏమండీ, ఆ ఇద్దరూ లేచాక ఒక్క తెల్లవాడూ లేడేంటి? అంతా మనవాళ్లే ఉన్నారు. ఇక్కడ తిండి శుభ్రంగా ఉంటుందంటారా? మీరెప్పుడూ ఇలాంటిచోటే తింటారా?"

ద్వారకానాథ్ గతుక్కుమన్నాడు. నిజం చెప్పొద్దూ, ఏ ఇండియన్ హోటల్‌కి వెళ్లినా తను కూడా ముందు చూసేది అదే. కుదిరిన సంబంధం కళ్లముందే జారిపోయేలా ఉంది. శివప్రసాద్‌ని సైగ చేసి పిలిచాడు.

"చూడు బాబూ, ఇందాక కోపంలో ఏదో అనేశాను. ఆ ఇద్దర్నీ తీసుకొచ్చి ఇక్కడే, మాకు ఎదురుగా కనబడేలా కూర్చోబెట్టు. పాపం, వాళ్లూ మనుషులే కదా."

"ఇప్పుడెక్కడ కుదురుతుందంకుల్," అన్నాడు శివప్రసాద్, యోగానంద్ వింటుండగానే. "వాళ్లు మా స్టాఫు. తెల్లవాళ్లు తింటూ కనబడితేనే మనవాళ్లు లోపలికొస్తారని రోజూ కిటికీ దగ్గర కూర్చోబెడతాను. మీరు లేపేశారుగా, అంట్లు తోముతున్నారు."