నాలుగో జడ్జి

ఆ అమ్మాయిని బళ్ళో అందరూ ‘మైకు’ అంటారు.

నోరు విప్పిందంటే వీధి చివరికి వినిపించాల్సిందే. చదివేది పదో తరగతి. హైస్కూళ్ళన్నిటికీ కలిపి పెట్టిన కవితాపఠన పోటీలో పొద్దుటి వడపోతను ఎలాగో దాటి, ఆఖరి పేరుగా ఫైనల్లో పడింది.

“ఈసారి నెగ్గకపోతే కవితలు కట్టిపెట్టి లెక్కలు చూసుకో” అని తండ్రి ముందే చెప్పేశాడు.

మధ్యాహ్నం విరామంలో మైకు వరండాలో గోడకేసి తిరిగి గొంతు చించుకుంటోంది.

భుజం మీద ఎవరో తట్టారు.

పొద్దున మొదటి వరుసలో, జడ్జీల పక్కనే కూర్చున్న నెరిసిన జుట్టావిడ. తన వంతు అయ్యాక హాలంతా చప్పట్లు కొట్టినా ఈవిడ మాత్రం కొట్టలేదని మైకుకు బాగా గుర్తు.

“నాది బాగాలేదా మేడమ్?”

ఆవిడ చేతులు ఊపి, కళ్ళురిమి, మెడ నరాలు బిగించి చూపించింది. అచ్చు మైకే. కాదు, అచ్చు కోడిపుంజు.

పక్కనున్న స్నేహితురాలు కిసుక్కున నవ్వింది.

మైకుకు ఒళ్ళు మండింది. “తప్పుంటే నోటితో చెప్పొచ్చుగా!”

“ష్! జడ్జీలు మనతో మాట్లాడకూడదే. అందుకే సైగలు” అంది స్నేహితురాలు చెవిలో.

మైకు నాలిక కరుచుకుంది.

ఆవిడ మైకు చేతులు రెండూ పట్టుకుని కిందికి దించింది. గడ్డం పట్టి ముఖాన్ని తనవైపు తిప్పుకుంది. వేలు తన గుండె మీద పెట్టుకుంది.

నాకు చెప్పు, అన్నట్టు.

మైకు మొదలుపెట్టింది. సముద్రం మీదికి వెళ్ళిన కొడుకు కోసం కాచుకున్న తల్లి కవిత అది.

“తలుపు వేయలేదు నాన్నా, గాలి వేస్తే మళ్ళీ తీశాను...”

ఆవిడ చెయ్యెత్తింది. ఆగమని.

మైకు ఆగింది. ఎత్తిన చెయ్యి దిగలేదు. ఆ చూపు మైకు ముఖం మీంచి కదల్లేదు.

ఏమీ చెయ్యకుండా నిలబడటం అంత కష్టమని మైకుకు అప్పటిదాకా తెలియదు.

ఇన్నాళ్ళూ చిలకలా అప్పజెప్పిన ఆ తల్లి అప్పుడు కనబడింది. గడపలో, ఒక్కతే.



చెయ్యి దిగింది. తరవాతి మాట సన్నగా, దానంతటదే వచ్చింది.

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఇలాగేనా మేడమ్?”

అప్పటికే ఆవిడ వెనుదిరిగింది. వెనకనుంచి ఎంత పిలిచినా తిరిగి చూడలేదు.

“జడ్జంటే అలా ఉండాలి” అంది స్నేహితురాలు.

ఫైనల్లో మైకు ఆవిడ ఒక్కదానికే చెప్పింది.

‘మళ్ళీ తీశాను’ దగ్గర ఆగింది.

హాల్లో ఫ్యాన్ల చప్పుడు వినిపించింది. గుమ్మంలో అడుగుపెట్టబోయినవాడు పెట్టకుండా నిలబడిపోయాడు. టైమైందని గంట కొట్టాల్సినాయన గంట సంగతే మరిచిపోయాడు.

తరవాతి మాట గుసగుసలా వచ్చి ఆఖరి వరుసదాకా వెళ్ళింది.

కవిత అయిపోయింది. చప్పట్లు కొట్టాలని జనానికి గుర్తురావడానికి చాలాసేపు పట్టింది.

మొదటి బహుమతి.

“లెక్కలు రేపు చూద్దాంలేమ్మా” అన్నాడు తండ్రి, కళ్ళు తుడుచుకుంటూ.

మైకు జడ్జీల దగ్గరికి పరిగెత్తింది. “నాలుగో జడ్జిగారు ఏరండీ?”

“నాలుగో జడ్జేమిటమ్మా? మేం ముగ్గురమే.”

మొదటి వరుసలో కుర్చీ ఖాళీ. ఎవరో పెద్దాయన వంగి దాని కింది గొడుగు తీసుకుంటున్నాడు.

“మా ఆవిడ మరిచిపోయింది. అవతల బస్సు కదిలిపోతోంది” అంటూ గబగబా నడిచాడు.

మైకు వెంటపడింది. “ఆవిడ ఏ బళ్ళో టీచరండీ? నాకు నేర్పింది ఆవిడే!”

“టీచరా? కాదమ్మా. పిల్లల ముఖాలు చూడ్డానికి ఏటా ఈ పోటీకి వస్తుందంతే.”

ఆయన ఎక్కుతూనే బస్సు కదిలింది. కిటికీలో నెరిసిన జుట్టు కనిపించింది.

“మేడమ్! మేడమ్!”

ఫుట్‌బోర్డు మీంచి ఆయన చెయ్యూపాడు.

“పిలిచి లాభం లేదు తల్లీ, తనది పుట్టుచెవుడు, కాపురానికొచ్చి ఇన్నేళ్ళయినా నా మాటే వినలేదు గానీ, ఇవాళ నీ కవితలో అమ్మ మాట వినపడిందని ఒకటే సైగలు చేస్తోంది!”