అన్నల పక్కన

"మా అన్నలు ఇక్కడున్నారట. ఒకసారి చూపిస్తారా?"

గుమ్మంలో నిలబడ్డ పెద్దావిడను చూసి పరిశోధకురాలు తెల్లబోయింది.

"ఇది ప్రయోగశాలమ్మా. ఇక్కడ మనుషులుండరు."

"నలుగురన్నలు. పోయేముందు మీకు రక్తమిచ్చారు."

అప్పుడర్థమైంది. ఊరంతా విషజ్వరంతో మంచాన పడినా ఆ కుటుంబాన్ని అది ముట్టదు. కానీ నలభై నిండకుండానే గుండె ఆగిపోతుంది.

పరిశోధకురాలు ఫ్రీజర్ వైపు చూపించింది. పెద్దావిడ వెళ్ళి దాని తలుపుకు చెవి ఆనించింది. లోపల మోటారు సన్నగా మూలుగుతోంది.

"అంత మంచి రక్తం వాళ్ళనెందుకు బతకనివ్వలేదు డాక్టరమ్మా?"

"జ్వరాన్ని ఆపే జన్యువు, గుండెను ఆపే జన్యువు ఒకే దారం మీద పక్కపక్కనే ఉన్నాయి. పిల్లలకు రెండూ కలిసే వస్తాయి. చెడ్డది మనిషిని తీసుకుపోతూ మంచిదాన్నీ పట్టుకుపోతోంది."

"విడిపోవా?"

"ఎవరిలోనో ఆ దారం తెగి మరోలా అతుక్కోవాలి. ఆ ఒక్క మనిషీ ప్రాణంతో దొరికితే చాలు. ఏళ్ళ తరబడి వెతుకుతూనే ఉన్నాను. మీ గుండె ఎలా ఉంది?"

"నాకేం, రాయిలా ఉంది. అందుకే నాయనమ్మ నన్ను దొరికిన పిల్లంది. అన్నల పక్కన కూర్చోనిచ్చేది కాదు."

ఆవిడ చెయ్యి చాపింది.

"నాది కూడా తీసి వాళ్ళ పక్కన పెట్టండమ్మా."

పరాయి రక్తంతో పనేముంది? కాదనలేక తీసింది. ఆవిడ అటు వెళ్ళగానే గొట్టాన్ని కింది అరలో ఓ మూలకు తోసేసింది.

ఆవిడ వారం వారం వచ్చేది. చెవి ఆనించేది. వెళ్ళిపోయేది.

ఉన్నట్టుండి రావడం మానేసింది.

ఫ్రీజర్ మూలుగు మాత్రం పరిశోధకురాలి వెంట ఇంటిదాకా రావడం మొదలుపెట్టింది. ఉండబట్టలేక ఆవిడను వెతుక్కుంటూ వెళ్ళింది.

"పెద్దమ్మా? మెట్ల మీంచి జారిపడి పోయింది," అంది పక్కింటావిడ. "ఆవిడకు నా అన్నవాళ్ళెవరూ లేరు. దొరికిన పిల్లని ఎవరు చేసుకుంటారని ఇంట్లోవాళ్ళు పెళ్ళే చెయ్యలేదట. మొన్న వీధంతా విషజ్వరంతో పడి ఉంటే మా అందరి ఒళ్ళూ తుడిచింది ఆవిడే."

పరిశోధకురాలు ప్రయోగశాలకు తిరిగి వచ్చింది.

కింది అరలోంచి గొట్టం తీసింది. అన్నల పక్కన పెట్టబోయి, చెయ్యి ఆగి, మొదటిసారి దాన్ని పరీక్షకు పెట్టింది.

దొరికిన పిల్ల కాదు, ఆ నలుగురికీ తోడబుట్టిన చెల్లెలే, దారం తెగి మంచిదొక్కటే మిగిలిన మనిషి.