నెమ్ము పట్టని ఇల్లు

“గోడ మీద చెయ్యి పెట్టి చూడు కొడకా, ఊకె నిలబడితే ఏం తెలుస్తది,” అంది సమ్మక్క.

కుమారస్వామి అరచెయ్యి గోడకు ఆనించాడు. పొడిగా ఉంది. బయట పది రోజులుగా ముసురు. ఈ వరసలో పన్నెండు స్లాబు ఇళ్లు, అన్నీ ఒకే నమూనా. వచ్చే దారిలో నాలుగిళ్లలోకి తొంగి చూశాడు. గోడలు నల్లటి బూజు పట్టాయి, స్లాబు కింద నీటిబొట్లు వేలాడుతున్నాయి. ఈ ఒక్క ఇల్లే ఆరి ఉంది.

“మాది కల్లూరు దగ్గర పెద్దమ్మా. మా ఇంట్ల గూడ గోడలు చెమరుస్తున్నయ్. మీ ఇల్లు పొడిగ ఉంటదని ఎవరో చెప్తే చూసి పోదామని వచ్చిన.”

ఈ ఇల్లు పొడిగా ఉంటుందని విన్నమాట తప్ప అంతా అబద్ధం. రెండేళ్ల కిందట ఈ పన్నెండు ఇళ్లూ కట్టిన మేస్త్రీ అతనే. ఎండల్లో మొదలుపెట్టి ఎండల్లోనే ముగించాడు. అప్పుడు ఊరంతా తునికాకు కోతకు అడవిలో ఉంది కాబట్టి తన మొహం ఎవరికీ గుర్తుండదని అతని ధీమా. పై ఊళ్లో ఇంకో ఇరవై ఇళ్ల పని వచ్చే వారం మొదలవుతోంది. తిట్లు తినకుండా కిటుకు తెలుసుకుని పోదామని వచ్చాడు.

“మీ ఇల్లు ఎవలు కట్టిండ్రు?” అడిగింది సమ్మక్క.

“ఎవలో మేస్త్రీ.”

“మాకూ గసొంటోడే దొరికిండు.”

కుమారస్వామి గోడ వైపు తిరిగి మళ్లీ తడిమాడు.

“ఈ ఇంట్లకు వచ్చిన మొదటి వానాకాలమే పైనుంచి నీళ్లు కారినయ్. స్లాబు పగిలిందనుకొని మావోళ్లు మీద తారు పూసిండ్రు. ఆగలే. గోడకు నెమ్ము, నాలుగేండ్ల నా మనవరాలికి నెమ్ము. మూడుసార్లు భద్రాచలం దవాఖానాల ఉన్నం. మూడోసారి డాక్టరమ్మ చెప్పింది, మందు నేనిస్త గాని ఇల్లు ఆరకపోతే పిల్లను మళ్ల తీస్కొస్తరు అని.”

“మరి ఏం చేసినవ్?”

“మా పాత ఇల్లు యాది చేసుకున్న. తడికలు కట్టి మట్టి మెత్తిన గోడలు. పొయ్యి ఇంట్లనే ఉండె, అయినా ఎన్నడూ చెమర్చలే. సందులల్ల నుంచి ఆవిరి బయటికి పోయేది. ఈ ఇంట్ల ఏడికెళ్లి పోవాలె? పైన చిల్లేం పడలే కొడకా. మా అన్నం ఆవిరి, మా తడిబట్టల ఆవిరి సల్లటి స్లాబుకు తగిలి మళ్ల మా మీదనే పడ్డది.”

ఇరవై ఏళ్లుగా ఇటుక పేర్చుతున్న కుమారస్వామికి ఆ మాట ఎవరూ చెప్పలేదు.

ఆమె వేలెత్తి చూపించింది. వెనక కిటికీ పైన, దానికెదురుగా తలుపు పైన, స్లాబు కిందుగా ఒక్కో ఇటుక లేదు. ఆ బొక్కలకు దోమల జాలీ బిగించి ఉంది.

“గడ్డపారతో నేనే తీసిన. కట్టెటప్పుడే ఆ రెండు ఇటుకలు పెట్టకుంటే అయిపోయేది. పెట్టకుండ ఉండెతందుకు ఖర్చేముంటది?”



బియ్యం బస్తాలు గోడకు జానెడు దూరంలో చెక్కల మీద ఉన్నాయి. గోడల రంగు గీకేసి, లోపలి తడి ఆరిపోయేలా సున్నం వేసింది. పెరట్లో నాలుగు గుంజలు పాతి రేకు కప్పి, పొయ్యినీ బట్టలారేసే తాడునూ అక్కడికి మార్చింది. గోడ చుట్టూ కాలువ తవ్వింది.

“పునాది మట్టి గోడకే ఎగేసి పోయిండు మహానుభావుడు. ఆ మట్టి వాననీళ్లు తాగి గోడకు తాపిచ్చింది,” అంది.

కుమారస్వామి వంగి కాలువ గట్టు మట్టిని వేళ్లతో నలిపాడు. ఆఖరి రోజు లారీ వాడు తొందరపెడుతుంటే ఆ మట్టి వదిలేయమన్నది తనే.

“పక్కింటి పుల్లమ్మకు చాతగాదు, ఒక్కతే ఉంటది. నేర్చుకుందామని వస్తివి గద, పట్టు,” అని పార చేతికిచ్చింది.

తుంపర్లలో తడుస్తూనే మధ్యాహ్నం దాకా పుల్లమ్మ ఇంటి గోడ దగ్గర మట్టి లాగి కాలువ తీశాడు. తర్వాత తన బండి పెట్టెలోంచి సుత్తి, ఉలి తెచ్చి, స్టూలెక్కి కిటికీ పైన పెట్టాడు. నాలుగు దెబ్బలకు ఇటుక విరగకుండా మొత్తంగా ఊడి చేతిలోకి వచ్చింది. కింద నిలబడ్డ సమ్మక్క దాన్ని అందుకుని పక్కన పెట్టింది. అతని చేతుల వైపు ఓసారి చూసింది.

అన్నం తిని పొమ్మంది. తింటుంటే మనవరాలు కోడిపిల్లల వెంట ఇల్లంతా పరుగెత్తింది. ఆయాసం లేదు. కుమారస్వామి పళ్లెంలో చెయ్యి ఆపాడు.

“పెద్దమ్మా, ఈ ఇల్లు కట్టినోడు ఎదురుపడితే ఏమంటవ్?”

“పోయినేడు అయితే తిడుదును. పిల్ల ఎగపోస్తుంటే వాడొచ్చి పక్కన కూసోవాలె అనుకునేదాన్ని. ఇప్పుడేం కోపం లేదు. తెల్వక చేసినోడికి కూసోబెట్టి చెప్పాలె, దగ్గరుండి చేపియ్యాలె. మళ్ల తప్పు చెయ్యడు.”

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. మళ్లీ మూసుకుని చెంబు అందుకున్నాడు. నీళ్లు తాగి లేచాడు.

“నువ్వు చెప్పినట్టే చేస్త పెద్దమ్మా. ఒక్కటి గూడ తప్పను,” అన్నాడు.

బండి స్టార్ట్ చేసేసరికి అతని మనసు తేలికపడింది. పై ఊళ్లో కట్టబోయే ఇరవై ఇళ్లలో ఏ ఇటుక ఎక్కడ వదలాలో, పునాది మట్టి ఎక్కడ పొయ్యాలో కళ్లముందు స్పష్టంగా కనిపిస్తోంది. తను ఎవరో బయటపడకుండానే పని చక్కబెట్టుకున్నాననీ అనిపించింది.

సమ్మక్క గడప దాటి బండి దాకా వచ్చింది.

“పైలంగ పోయి రా, మేస్త్రీ.”