వనమాత కడుపునొప్పి

సన్మానం జరిగిన మర్నాటి నుంచి ఎలుగక్కకు మలబద్ధకం పట్టుకుంది.

అంతకు ముందు ఆమె నేరేడో రేగో దొరికిన పళ్ళు తినేది, తోచిన చోట కూర్చునేది, లేచి వెళ్ళిపోయేది. వానలు పడగానే అక్కడ మొక్కలు లేచేవి. అది కనిపెట్టిన కొండముచ్చు అడవినంతా పోగేసి, ఆమె మెడలో తంగేడుపూల దండ వేసి, "ఈవిడే మన వనమాత!" అని చాటింది.

ఇక ఆమె పొద చాటుకు వెళితే చాలు, వెనకే ఓ గుంపు తయారు.

"కానీ అక్కా! మొక్క ఎలా నాటుతావో మా పిల్లలు చూస్తారట," అంది కుందేలు.

"నాటడమేంటే తల్లీ! నా పని నేను చేసుకుంటున్నాను."

"ఎంత అణకువో చూశారా!" అంటూ నెమలి కళ్ళొత్తుకుంది.

ఎలుగక్క కడుపు రాయిలా బిగిసింది. ఓ మధ్యాహ్నం ఇక ఓర్చుకోలేక, ఎవరూ రాని బోడిగుట్ట మీదికి పరుగెత్తింది. పని ముగించి హాయిగా చుట్టూ చూసింది. కనుచూపుమేర ఒక్క చెట్టూ లేదు. అందరూ తనను వనమాత అంటున్నారు. తనేమో ఇన్నాళ్ళూ చెట్ల కిందే కూర్చుంది! ఆమెకు మొదటిసారి సిగ్గేసింది.

కిందికి దిగి కొండముచ్చుతో చెప్పింది: "ఇకమీదట నేను ఈ గుట్టకే వస్తాను. వెనకాల ఎవరైనా వచ్చారో, కరుస్తాను."

ఎండ మండినా, వాన ముంచెత్తినా, ఎంత తొందరగా ఉన్నా సరే, ఆ తర్వాత ఆమె గుట్ట ఎక్కకుండా కూర్చోలేదు.